పిల్లలు ఊళ్లో ఉన్నప్పుడు బడి తెరవండి: పడమటి కర్నూలు పల్లె నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ, సమగ్ర శిక్ష అధికారులకు,
గుంటూరు, పల్నాడు, ప్రకాశం, ఖమ్మం మిరప ఊళ్లలో పనిచేస్తున్న ఉపాధ్యాయులకు,

విషయం: సుగ్గికి (వలస కూలికి) పోయే పిల్లల హాజరు, మార్చి–ఏప్రిల్ ఒంటిపూట బడులు, మే నెలలో వేసవి బడి.

అయ్యా, అమ్మా,

నమస్కారం. మాది కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక చిన్న ఊరు. ఊరి ప్రాథమిక పాఠశాల తల్లిదండ్రుల కమిటీ తరఫున ఈ లేఖ రాస్తున్నాం. బడి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే రేపు సంజాయిషీ అడిగేది మా ఇద్దరు టీచర్లనే. తప్పు వాళ్లది కాదు. అయినా కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద, ఆలూరు, ఆస్పరి, దేవనకొండ వైపు ఏ పల్లె బడికి పోయి ఫిబ్రవరి హాజరు చూసినా మీకు కనబడేది దాదాపు ఇదే.

ఈ విషయం మీద ఇంతకుముందే అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు అర్జీ ‘పరిష్కరించబడింది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారో, ఏం పరిష్కరించారో అడిగితే చెప్పినవాళ్లు లేరు. ఆ తర్వాత మా ఊళ్లో జరిగిందల్లా ఒక ర్యాలీ. ‘బడి మానొద్దు, భవిత పాడు చేసుకోవద్దు’ అని పిల్లలతో నినాదాలు చెప్పించి, ఫొటో తీసి పంపించారు. ఆ ర్యాలీలో నడిచినవాళ్లంతా రోజూ బడికొచ్చే పిల్లలే. మానిన పిల్లలు ఆ పొద్దు పల్నాడులో మిరప చేలో ఉన్నారు. అందుకే ఈ సారి అందరూ చదివేలా రాస్తున్నాం.

ముందు జరుగుతున్నది చెబుతాం.

మావి వాన మీద బతికే నేలలు. తుంగభద్ర జిల్లా అంచునే పారుతున్నా, దిగువ కాలువ నీళ్లు చివరి ఊళ్ల దాకా సరిగ్గా అందిన ఏడాది తక్కువ. వేరుశనగ, పత్తి, కంది, ఉల్లి, ఏది వేసినా ఒక్క కారు పంటే. దీపావళి నాటికి చేలో పని తగ్గిపోతుంది, అప్పు మాత్రం తగ్గదు. అప్పుడు కూలీలను కుదుర్చుకునే మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇచ్చి పోతాడు. కొన్ని కుటుంబాలు అప్పుడే కదులుతాయి. మిగిలినవి సంక్రాంతి దాటగానే బియ్యం మూటలు, గిన్నెలు, దుప్పట్లు, పిల్లలతో సహా లారీలు, బొలేరోలు ఎక్కుతాయి. మా వైపు దీన్ని సుగ్గికి పోవడం అంటాం. బెంగళూరు, హైదరాబాద్ కట్టడం పనులకు పోయేవాళ్లూ ఉన్నారు గానీ, బడి ఈడు పిల్లల్ని ఎక్కువగా వెంట తీసుకుపోయేది మిరప కోతలకే. అక్కడ కూలి కిలోల లెక్క. ఇంకో రెండు చిన్న చేతులు తోడైతే సంచి బిన్నా నిండుతుంది. చంటిపిల్ల ఉంటే దాన్ని చూసుకోవడానికి ఎనిమిదేళ్ల అక్క కావాలి.

కోతలు ఏప్రిల్ దాకా విడతలు విడతలుగా సాగుతాయి. ఉగాదికి కొందరు వచ్చి, దేవరకు టెంకాయ కొట్టి, రెండు రోజులుండి మళ్లీ పోతారు. ఏప్రిల్ ఆఖరున, మే మొదట్లో ఊరు తిరిగి నిండుతుంది. జూన్‌లో వానలు పడితే విత్తనాలు వేసుకోవాలి కాబట్టి అప్పటి నుంచి అందరూ ఇక్కడే.

ఇప్పుడు దీని పక్కన బడి క్యాలెండర్ పెట్టి చూడండి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి, పొద్దున 7.45 నుంచి 12.30 దాకా. ఏప్రిల్ 23 ఆఖరి పనిదినం. మళ్లీ తెరిచేది జూన్ 12న. అంటే బడి నడిచే నెలల్లో పిల్లలు ఊళ్లో ఉండరు. పిల్లలు ఊరికొచ్చే నెలలో బడికి తాళం. తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని మీటింగుల్లో అంటుంటారు. విలువ తెలియక కాదు సార్, మా పంటల లెక్కకూ మీ క్యాలెండర్‌కూ కుదరక.

మా రిజిస్టర్‌లో నలభై చిల్లర పేర్లున్నాయి. డిసెంబర్ దాకా ముప్పై మందికి తగ్గకుండా వస్తారు. ఫిబ్రవరి, మార్చిలో పది పన్నెండు మంది. అవ్వాతాతల దగ్గర ఉండిపోయినవాళ్లు, అంగడి పెట్టుకున్నవాళ్ల పిల్లలు, కాస్త బోరు నీళ్లున్న రైతుల పిల్లలు, అంతే.

ఆ మిగిలిన పిల్లలకైనా ఒంటిపూట బడిలో చదువు అందుతోందా అంటే, అదీ అంతంతమాత్రమే. పదో తరగతి పరీక్షలకు ఇన్విజిలేషన్ డ్యూటీ అని ఇద్దరు టీచర్లలో ఒకరిని పంపుతారు. మిగిలిన ఒక్కరు ఐదు తరగతుల్ని ఒకే వరండాలో కూర్చోబెట్టుకుంటారు. కొత్త పాఠం చెబితే సుగ్గికి పోయినవాళ్లకు మళ్లీ మొదటి నుంచి చెప్పాలి కాబట్టి పాత పాఠమే తిప్పి తిప్పి చదివిస్తారు. ఏప్రిల్‌లో సమ్మేటివ్-2 (ఏడాది చివరి) పరీక్షలు అయిపోయాక 23 వరకు మిగిలిన రోజుల్లో హాజరు వేసుకోవడం, నీళ్లు తాగమని గంట కొట్టడం, భోజనం పెట్టి పంపడం. ఆ రోజులు బడి లెక్కలో ఉంటాయి, చదువు లెక్కలో ఉండవు.

ఆ ఖాళీ రోజుల్లో ఏదో ఒకటి చేద్దామని మా కమిటీ, ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లలు కలిసి పోయిన వేసవిలో కొంత ప్రయత్నం చేశాం. రాగిజావ తాగాక ఒక గంట ఆటలకు పెట్టాం. వరండా గచ్చు మీద సుద్దతో వామనగుంటలు గీశాం, అటు ఏడు, ఇటు ఏడు. ఒక్కో గుంటలో ఐదేసి చింతపిక్కలు. ఆట మొదలుపెట్టే ముందు ‘మొత్తం ఎన్ని పిక్కలు కావాలి?’ అని అడిగితే చాలు. బోర్డు మీద ఐదో ఎక్కం చెప్పమంటే తల దించుకునే రెండో తరగతి పిల్లోడు వేళ్లు మడుస్తూ ఐదు, పది, పదిహేను అనుకుంటూ డెబ్బై దగ్గర ఆగాడు. ఆ తర్వాత పక్కవాడు ఒక పిక్క దాచాడని కూడా వాడే పట్టుకున్నాడు. పులిజూదం ఆడారు. అవ్వలను పిలిపించి కథలు చెప్పించాం. మా ఊరి అవ్వల్లో సగం మంది కన్నడంలో చెబుతారు, పిల్లలు తెలుగులో మార్చి పక్కవాళ్లకు చెప్పారు. ఖర్చల్లా సుద్దముక్కలు, రంగులు, నాలుగు చార్టులు. అదీ చందాలేసుకున్నాం. ఆ వారాల్లో పిల్లలు గంట కొట్టకముందే వచ్చి గేటు దగ్గర నిలబడేవాళ్లు.

సమగ్ర శిక్ష నిబంధనల్లో ప్రాథమిక బడికి ఆట సామాను కోసం ఏటా 5 వేలు, గ్రంథాలయానికి 5 వేల వరకు ఇవ్వొచ్చని ఉంది. అవి ఏ నెలలో వస్తాయో, ఏం కొంటారో కమిటీకి ఎవరూ చెప్పరు. వచ్చిన సామాను బీరువాలో ఉంటే మాత్రం తనిఖీ రోజు బయటికి తీస్తారు.

ఇంకొకటి చూపించాలి. నాలుగో తరగతి పిల్ల ఒకామె ఏప్రిల్ ఆఖరున గుంటూరు వైపు నుంచి తిరిగొచ్చింది. ఆమె నోటుపుస్తకం మేం చూశాం. ముందు పేజీల్లో పాఠం సంక్రాంతి సెలవుల దగ్గర ఆగిపోయింది. వెనక పేజీల్లో స్కేలు పెట్టి గీసిన పట్టిక ఉంది: తేదీ, అమ్మ, నాయన, నేను. రోజూ ఎవరెన్ని కిలోల మిరపకాయలు కోశారో ఆమె రాసుకుంది. తన గడిలో ఎనిమిది, పదకొండు, తొమ్మిది. వారానికోసారి మొత్తం కట్టింది. మేస్త్రీ చెప్పిన లెక్కలో మూడు కిలోలు తక్కువున్నాయని పట్టుకున్నది కూడా ఆమెనే అని వాళ్లమ్మ చెప్పింది. చేతులు మండుతున్నా రాసేదట. సమ్మేటివ్-2 రాయలేదు కాబట్టి ప్రగతి పత్రంలో ఆ పిల్ల గణితం గడి ఖాళీగా ఉంది.

దీనివల్ల మా ఇళ్లలో ఏం జరుగుతోందో వరుసగా రాస్తున్నాం.

1. తల్లికి వందనం డబ్బులు అవసరమున్నవాళ్లకే అందకుండా పోయే ప్రమాదం. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ఇచ్చే ఈ పథకం కింద ఏడాదికి 15 వేలు, అందులో 13 వేలు తల్లి ఖాతాలో, 2 వేలు బడి నిర్వహణకు. దానికి 75 శాతం హాజరు షరతు. అమ్మ ఒడి ఉన్నప్పుడూ ఇదే షరతు. ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే 55 రోజులకు మించి మానకూడదు. సంక్రాంతి దాటాక పోయి ఏప్రిల్ 23 తర్వాత వచ్చిన పిల్ల మిగతా ఏడాదంతా ఒక్క రోజూ మానకపోయినా 70 రోజుల దాకా పోగొట్టుకుంటుంది. హాజరు 68 శాతం దగ్గర ఆగుతుంది. అంటే ఇల్లు గడవక వలస పోయిన కుటుంబమే, వలస పోయిన కారణానికే, అనర్హుల జాబితాలోకి పోతుంది. అప్పు తీర్చడానికి ఆ 13 వేల మీద ఆశపెట్టుకున్న తల్లి మరుసటి ఏడాది సంక్రాంతి దాకా కూడా ఆగదు, దీపావళికే కదులుతుంది.

2. తిండి. బడిలో ఉంటే వేడన్నం, వారానికి ఐదు రోజులు గుడ్డు, మూడు రోజులు చిక్కీ, మూడు రోజులు రాగిజావ. మిరప చేలో గుడారం పక్కన పొద్దున వండిన అన్నం, దాంట్లోకి పచ్చడి. మే నెలలో ఊరికి తిరిగొచ్చాక అదీ ఇదీ రెండూ లేవు. డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్న మధ్యాహ్న భోజన పథకం పిల్లలు అచ్చంగా ఊళ్లో ఉండి ఆకలిగా తిరిగే నెలన్నర కనబడదు. వంట చేసే అక్కల సంగతి కూడా వినండి. వాళ్ల గౌరవ వేతనం నెలకు 3 వేలు. సరుకుల బిల్లు తలకింత అని లెక్క. నలభై మందికి వండినా పన్నెండు మందికి వండినా పొయ్యి వెలిగించక తప్పదు. హాజరు పడిపోయిన నెలల్లో గ్యాసు ఖర్చుకూ ఆ బిల్లు సరిపోదు. చేతి డబ్బులు పెడుతున్నారు.

3. బడి ఉంటుందా అన్న భయం. 2022లో జీవో 117 వచ్చినప్పుడు 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు పంపడం చూశాం. 2025లో దాన్ని పక్కనపెట్టి తొమ్మిది రకాల బడులన్నారు. పేరు ఏదైనా చివరికి అందరూ చూసేది పిల్లల సంఖ్యే. వేసవిలో తనిఖీకి వచ్చినవాళ్లు పది మందిని చూసి ‘ఇంతమందికి ఇద్దరు టీచర్లా?’ అని అడిగి పోతారు. అదే మాట పట్టుకుని పట్నం ప్రైవేటు స్కూలు వ్యాను మా వీధిలోకొస్తుంది. ఫీజు కట్టగలిగిన నాలుగిళ్ల పిల్లలు అందులో ఎక్కితే సంఖ్య ఇంకా తగ్గుతుంది. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు కిలోమీటరు లోపు బడి ఉండాలని విద్యాహక్కు నిబంధనలు చెబుతున్నాయి. పక్క ఊరి బడికి మా ఊరి నుంచి చిన్నపిల్లలు నడిచిపోవాలంటే మధ్యలో వంక దాటాలి. ఆరేళ్ల పిల్లను వానాకాలంలో ఆ వంక దాటించి పంపేవాళ్లు ఎవరూ లేరు.

4. చదువు పైకి పోతుంది, పిల్లలు కింద మిగిలిపోతారు. ప్రాథమిక తరగతుల్లో ఎవరినీ ఆపరు, ఆపాలని మేమూ అనడం లేదు. కానీ ఏటా మూడు నెలలు కోల్పోయిన పిల్ల ఐదో తరగతి దాటేసరికి ఒక ఏడాదికి పైగా చదువు పోగొట్టుకుని ఉంటుంది. ఆ లోటు హైస్కూల్లో బయటపడుతుంది. 2024 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రంలో ఆఖరు స్థానం మా జిల్లాదే, 62.47 శాతం. మొదటి స్థానంలో ఉన్న పార్వతీపురం మన్యం జిల్లాకు 96.37. ఫలితాలొచ్చినప్పుడల్లా హైస్కూలు టీచర్లకు మెమోలు, పదో తరగతికి వంద రోజుల ప్రణాళికలు. పునాది పోయింది మూడో తరగతి ఫిబ్రవరిలో అని ఒప్పుకుంటే మేలు.

5. ఆడపిల్లలు. తమ్ముణ్ని చూసుకోవడానికి పోయిన పిల్ల రెండేళ్లకు కోతలో చెయ్యి కలుపుతుంది. పన్నెండేళ్లు వచ్చేసరికి మేస్త్రీ లెక్కలో ఆమె సగం కూలి కాదు, పూర్తి కూలి. ఇక బడికి తిరిగి రాదు. కస్తూర్బా విద్యాలయాలు ఆరో తరగతి నుంచి ఉన్నాయి, చాలా మంచిది. ఐదో తరగతి దాకా చేరితే కదా ఆరుకు పోయేది.

6. టీచర్లు. యాప్‌లో హాజరు తక్కువ చూపిస్తే ఫోను వస్తుంది. ఎక్కువ చూపిస్తే అబద్ధమవుతుంది. మా టీచరమ్మ సొంత ఫోను నుంచి పల్నాడులో ఉన్న తల్లులకు ఫోన్లు చేసి ఎప్పుడొస్తారని అడుగుతుంటుంది. అది ఆమె ఉద్యోగంలో భాగం కాదు.

ఇంక మేం అడుగుతున్నవి. కొత్త చట్టం కావాలని అడగడం లేదు. చాలావరకు ఉన్న చట్టంలో, ఉన్న పథకాల్లో ఉన్నవే.

1. మే నెలలో నాలుగు వారాల వేసవి బడి పెట్టండి. వలస ఎక్కువగా ఉన్న పడమటి మండలాల్లోనే, పొద్దున 7 నుంచి 10 దాకానే. అందులో పోయిన మూడు నెలల తెలుగు, లెక్కలు ముఖ్యంగా చెప్పించాలి. మిగతా సమయం ఆటలు, కథలు, బొమ్మలు. విద్యాహక్కు చట్టం 2009లోని సెక్షన్ 9 ప్రకారం విద్యా క్యాలెండర్ నిర్ణయించే బాధ్యత స్థానిక అధికార సంస్థకు ఉంది. అదే సెక్షన్ వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత కూడా అప్పగించింది. కాబట్టి రాష్ట్రమంతటికీ ఒకటే తేదీలు ఉండాలన్న పట్టు అక్కర్లేదు. ఒకటి నుంచి ఐదు తరగతులకు చట్టం అడిగేది ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. మా పిల్లలకు ఆ 200 దక్కేలా చూడమంటున్నాం.

ఎండలు అంటారు. నిజమే, మా వైపు మేలో 42, 43 డిగ్రీలు మామూలే. పది గంటలకల్లా వదిలేస్తే పిల్లలు నీడ పట్టున ఉంటారు. బడి లేకపోతే అదే పిల్లలు గొర్రెల వెంట మిట్టమధ్యాహ్నం దాకా తిరుగుతారు, అది మాత్రం ఎండ కాదా? టీచర్ల సెలవుల సంగతి కూడా మాకు తెలుసు. వేసవిలో పనిచేసిన వాళ్లకు ఆర్జిత సెలవులు జమ చెయ్యండి. రాలేని వాళ్ల స్థానంలో ఊళ్లో డిగ్రీ, డీఎడ్ చదివినవాళ్లను గౌరవ వేతనం మీద తీసుకోండి. బలవంతంగా చేయించే వేసవి బడి మాకొద్దు. అది మళ్లీ ఫొటోల కార్యక్రమమే అవుతుంది.

2. ఆ నెలన్నర మధ్యాహ్న భోజనం ఆపకండి. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా బడి భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆహార హక్కు కేసులో ఆదేశించింది. 2023 ఖరీఫ్‌కు ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటిస్తే అందులో 24 కర్నూలు జిల్లావే, అప్పటికి జిల్లాలో ఉన్నవి 26. కరువు ఉందని మీ కాగితాలే చెబుతున్నాయి, భోజనం పెట్టాలని కోర్టు చెప్పింది. వంట అక్కలకు ఆ రోజుల వేతనం విడిగా ఇవ్వాలి. హాజరు ఇరవైకి తక్కువున్న బడులకు తలకింత అని కాకుండా కనీస మొత్తం నిర్ణయించి బిల్లు చెల్లించాలి.

3. సీజనల్ హాస్టళ్లు వేళకు తెరవండి. అమ్మానాన్న పోయినా పిల్లలు ఊరి బడిలోనే రాత్రి ఉండి, మూడు పూటలా తిని, చదువుకునే ఈ ఏర్పాటు సర్వ శిక్షా అభియాన్ కాలం నుంచి మా జిల్లాకు తెలిసిందే. నడిచిన ఊళ్లలో పిల్లలు నిలిచారు. చిక్కల్లా తేదీలతోనే వస్తుంది. మంజూరు కాగితం వచ్చేసరికి లారీలు వెళ్లిపోయి ఉంటాయి. పోయిన పిల్లను వెనక్కి తేవడం కంటే పోకముందే ఆపడం సులువు. దీపావళికి తలుపు తెరిచి ఉండాలి, తల్లిదండ్రులు తిరిగొచ్చే దాకా మూయకూడదు. ఆడపిల్లల కోసం రాత్రి ఉండే ఆయా, వెలుతురు, నీళ్లున్న మరుగుదొడ్డి, తలుపుకు గడియ, ఇవి లేకుండా హాస్టల్ అని పేరు పెట్టవద్దు. ఏ తల్లీ పంపదు.

4. హాజరు పిల్ల వెంట పోవాలి. రేషన్ బియ్యం పల్నాడులో తీసుకుంటే కర్నూలు కార్డులో నమోదవుతోంది. పిల్ల పల్నాడు బడిలో కూర్చుంటే ఆ రోజు మా యాప్‌లో ఎందుకు కనబడదు? పిల్లకు ఐడీ ఉంది, రెండు బడులకూ యాప్ ఉంది. ‘తాత్కాలిక హాజరు’ అని ఒక గడి పెట్టండి చాలు. ఖమ్మం పోయిన పిల్లల కోసం తెలంగాణ విద్యాశాఖతో మాట్లాడాల్సింది మీరే.

ఇక్కడ మిరప ఊళ్ల టీచర్లకు ఒక మాట. మీ ఊరి చేల పక్క గుడారాల్లో మా పిల్లలున్నారు. వాళ్లు బడి గేటు దాకా వస్తే టీసీ ఏదని అడగకండి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం సెక్షన్ 5లోనే ఉంది. పుస్తకాలు లేకున్నా కూర్చోనివ్వండి, అన్నం పెట్టించండి. బడికి దూరంగా చేలల్లోనే దిగిన గుంపులకు అక్కడే ఒక చెట్టు కింద, పనిచోటే పాఠాలు చెప్పే కేంద్రం నడపాలని మీ అధికారులను మీరు కూడా అడగండి. మిరప రైతులు, మేస్త్రీలు కూడా పద్నాలుగేళ్ల లోపు పిల్లల చేత కోత కోయించడం చట్టరీత్యా నేరమని తెలిసినవాళ్లే. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ‘పిల్లలు ఎంతమంది వస్తారు?’ అని అడగడం మానుకోవాలి.

5. ఇద్దరే ఉన్న బడి నుంచి పరీక్షల డ్యూటీకి టీచర్‌ను తీసుకోవద్దు. తప్పనిసరైతే క్లస్టర్ నుంచి సీఆర్ఎంటీని (అవసరమున్న బడులకు పోయి పాఠం చెప్పే టీచర్‌ను) ఆ రోజులకు మా బడికి పంపించి, తర్వాతే తీసుకోండి.

6. తల్లికి వందనం 75 శాతం షరతు నుంచి వలస పిల్లలకు మినహాయింపు ఇవ్వండి. లేదా మే నెల వేసవి బడి రోజులను, వేరే ఊరి బడిలో కూర్చున్న రోజులను కలిపి లెక్కకట్టండి. వలస పోయినట్టు ధ్రువీకరించే పని తల్లిదండ్రుల కమిటీకి, హెచ్ఎంకు అప్పగించండి. దానికోసం తల్లులను సచివాలయం చుట్టూ తిప్పకండి.

7. టీచర్ పోస్టులను, బడి రకాన్ని నిర్ణయించడానికి ఫిబ్రవరి–ఏప్రిల్ హాజరును ఆధారంగా తీసుకోవద్దు.

8. ఆట సామాను, గ్రంథాలయ నిధులు సంక్రాంతి లోపు బడికి చేరాలి. ఎంత వచ్చిందీ, ఏం కొన్నదీ కమిటీ సమావేశంలో చదివి వినిపించాలి. ఒంటిపూట బడుల్లో రోజుకొక గంట ఆటలకు, కథలకు టైంటేబుల్‌లోనే కేటాయించాలి. సిలబస్ అయిపోయాక మిగిలిన టైములో చేయండి అంటే అది జరగదు.

మా వైపు నుంచి చేయగలిగింది కూడా చెబుతాం. ఏటా దసరా లోపు ఇల్లిల్లూ తిరిగి, ఏ కుటుంబం సుగ్గికి పోతుంది, ఎక్కడికి, ఏ నెలలో, వెంట ఎందరు బడి పిల్లలు, ఇంట్లో అవ్వాతాతలున్నారా లేదా అన్నది రాసి హెచ్ఎంకు ఇస్తాం. హాస్టల్‌కు ఏ పిల్లలు ఉంటారో ముందే తల్లిదండ్రుల సంతకాలు తీసుకుంటాం. వేసవి బడి పెడితే రోజూ కమిటీ సభ్యుల్లో ఇద్దరు వంతులవారీగా బడి దగ్గర ఉంటారు. నీళ్లు తెచ్చిపెట్టే పని మాది. గచ్చు మీద వామనగుంటలు గీసే పిల్లలు కూడా సిద్ధంగానే ఉన్నారు.

వచ్చే ఏడాది అకడమిక్ క్యాలెండర్ జూన్‌లో వస్తుంది. మే నెల వేసవి బడి అందులోనే కనబడాలి. విడిగా ఏప్రిల్ ఆఖరున ఉత్తర్వు ఇస్తే దాన్ని చదివేలోపు సెలవులు సగం అయిపోతాయి. హాస్టళ్ల మంజూరు సెప్టెంబర్ లోపు కావాలి. భోజనం సంగతి మళ్లీ కరువు ప్రకటన కోసం ఆగకుండా ఇప్పుడే తేల్చాలి. ఈ మూడింటి మీద జూన్ 12 లోపు మాకు రాతపూర్వకంగా, అధికారి సంతకంతో జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. కుదరదంటే ఏది కుదరదో, ఎందుకు కుదరదో అంశం వారీగా రాయండి. దసరాకు ముందు జరిగే మా కమిటీ సమావేశానికి మీ తరఫున ఒకరిని పంపండి. ఎవరు వస్తారో, ఏ తేదీకి వస్తారో ముందే తెలియజేస్తే పేర్ల జాబితా వాళ్ల చేతికే ఇస్తాం.

ఇట్లు,
తల్లిదండ్రుల కమిటీ సభ్యులు, పూర్వ విద్యార్థులు,
ఒక ప్రాథమిక పాఠశాల, పడమటి కర్నూలు